చదువు నలుగురిలోకి వస్తేనే నాయకత్వం: తెనాలి, బాపట్ల, రేపల్లె సీమ అనుభవం

రేపటి నాయకులు ఎక్కడి నుంచి వస్తారని అడిగితే మన ఊళ్లలో రెండు జవాబులు వినిపిస్తాయి. డబ్బూ బలగమూ ఉన్న ఇళ్లలోంచి వస్తారని కొందరంటారు. పెద్ద చదువులు చదివినవాళ్లలోంచి వస్తారని మరికొందరంటారు. మొదటి మాట నిరాశలోంచి వచ్చింది. రెండో మాటలో ఆశ ఉంది కానీ అది పూర్తి నిజం కాదు. పట్టాలు పుచ్చుకుని ఊరి సంగతే పట్టించుకోనివాళ్లు ఎందరో ఉన్నారు. చదువు మనిషిని నాయకుణ్ణి చేయాలంటే ఇంకేదో కలవాలి. అదేమిటో తెలుసుకోవడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం కంటే మంచి చోటు తెలుగునాట తక్కువ.

ఒకప్పుడు ఈ మూడూ గుంటూరు జిల్లాలో పక్కపక్క తాలూకాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది, బాపట్ల కొత్త జిల్లాకు కేంద్రమైంది, రేపల్లె, చీరాల, వేటపాలెం అందులో చేరాయి. గడచిన నూట ఇరవై ఏళ్లలో ఈ నేల నుంచి రాష్ట్ర ఉద్యమకారులు, రైతు నాయకులు, హేతువాదులు, శాస్త్రవేత్తలు, స్త్రీవాద రచయితలు, దళిత ఉద్యమ నేతలు వచ్చారు. వీళ్ల దారులు వేరు, నమ్మకాలు వేరు. అయినా అందరి జీవితాల్లోనూ ఒక సామాన్య అంశం కనిపిస్తుంది. చదివినదాన్ని వాళ్లు నలుగురి మధ్యకు తెచ్చారు, దాని మీద వాదించారు, ఆ వాదం తేల్చిన బాధ్యతను భుజాన వేసుకున్నారు. ఈ మూడూ కలిసిన చోట నాయకత్వం పుట్టింది. ఏ ఒక్కటి లోపించినా చదువు సొంత బతుకుతెరువు దగ్గరే ఆగిపోయింది.

నీళ్లు, రాబడి, అక్షరం

ఈ ప్రాంతానికి అక్షరం పాత చుట్టం. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు రాతి పేటికల మీద శాసనాలు బయటపడ్డాయి. దక్షిణాదిలో దొరికిన అతి పాత లిపి నమూనాల్లో అవి ఉన్నాయి. వాటిలో దాతల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు, ఒక గోష్ఠికి పెద్దగా ఉన్న కుబిరక రాజు పేరు కనిపిస్తాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ రాతల్లో రాజు సైతం ఒక బృందానికి ముందు నిలిచిన మనిషిగా కనిపించడం గమనించదగ్గది.

ఆధునిక కాలంలో చదువు విస్తరించడానికి దారి వేసింది మాత్రం కృష్ణ నీళ్లు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలువలు పారి, పడమటి డెల్టా వరి పొలాలతో నిండింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రైతు కుటుంబాలు పిల్లల్ని బడికి పంపాయి. ఆపైన గుంటూరుకూ మద్రాసుకూ, కొందరిని డబ్లిన్‌కూ ఎడింబరోకూ పంపాయి. అయితే రాబడి ఒక్కటే ఈ కథకు కారణమనుకోలేం. నీళ్లు పారిన ప్రతి చోటా ఇంతమంది నాయకులు పుట్టలేదు. ఇక్కడి జనం చదువు చుట్టూ కట్టుకున్న సంఘాలను చూస్తే తేడా తెలుస్తుంది.

పఠన సంఘం నుంచి రాష్ట్రం దాకా

1903లో గుంటూరులో కొందరు యువకులు ఒక సాహితీ సంఘం పెట్టుకున్నారు. జొన్నవిత్తుల గురునాథం, ఉన్నవ లక్ష్మీనారాయణ, చల్లా శేషగిరిరావు వంటివారు అందులో ఉన్నారు. పుస్తకాలూ పత్రికలూ చదువుకోవడంతో మొదలైన కూటమి అది. చదివేకొద్దీ మద్రాసు రాజధానిలో తెలుగువాళ్ల స్థితి మీద చర్చ పెరిగింది. ఉద్యోగాల్లో, కాలేజీల్లో, పాలనలో తమ వాటా ఎంత అని లెక్కలు తీశారు. తెలుగు మాట్లాడే జిల్లాలన్నీ ఒక్కచోట కనిపించేలా పటం తయారుచేశారు.

ఆ చర్చ పదేళ్లలో బాపట్లకు చేరింది. 1913 మే 26న బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది. ప్రత్యేక రాష్ట్రం కావాలా వద్దా అన్న విషయం మీద అక్కడ ఏకాభిప్రాయం రాలేదు. తీర్మానాన్ని బలవంతంగా నెగ్గించుకోకుండా, ముందు ప్రజాభిప్రాయం కూడగట్టాలని పెద్దలు నిర్ణయించారు. కొండా వెంకటప్పయ్య వంటివారు తెలుగు జిల్లాలు తిరిగి తమ వాదన వినిపించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా సాగిన ప్రయాణానికి అది తొలి మజిలీ. ఒప్పుకోనివాళ్ల దగ్గరికి వెళ్లి ఒప్పించే ప్రయత్నం చేయడం కన్నా పెద్ద నాయకత్వ పాఠం ఏముంటుంది? పుస్తకాల మధ్య వాదించడం అలవాటైనవాళ్లు కనుకనే ఆ ఓర్పు చూపగలిగారు.

మరుసటి ఏడాది జరిగింది ఇంకా ముఖ్యం. 1914 ఏప్రిల్‌లో రెండో ఆంధ్ర మహాసభ బెజవాడలో జరిగినప్పుడే, ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు అదే ఊళ్లో సమావేశమయ్యారు. అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. రాష్ట్రం అడిగే సభ, గ్రంథాలయాలు పెట్టే సభ ఒకే ఊళ్లో ఒకే రోజుల్లో జరిగాయి. రాజకీయ హక్కు నిలబడాలంటే చదువుకున్న ప్రజ కావాలని ఆ తరం గట్టిగా నమ్మింది.

ఊరూరా గ్రంథాలయం

ఆ నమ్మకానికి నేటికీ నిలిచి ఉన్న సాక్ష్యం వేటపాలెంలోని సారస్వత నికేతనం. ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠి 1918లో యువకులతో మొదలుపెట్టిన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం, అరుదైన పుస్తకాల కోసం పరిశోధకులు దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ అక్కడికి వస్తారు. చేనేతకు పేరుపడ్డ ఒక చిన్న ఊరు ఇంత పెద్ద సంపదను శతాబ్దానికి పైగా కాపాడుకుంది. ఇది ప్రభుత్వం కట్టించి ఇచ్చింది కాదు. ఊళ్లోవాళ్లు చందాలు వేసుకుని, పుస్తకాలు పోగుచేసి, తరం తర్వాత తరం కాపలా కాశారు.

పాతూరి నాగభూషణం కృషి మరో తీరుది. దుగ్గిరాల దగ్గరి పెదపాలెంలో 1907లో పుట్టిన ఆయన సొంత ఊరి నుంచే గ్రంథాలయ సేవ మొదలుపెట్టారు. రోడ్లు సరిగా లేని రోజులవి. సరుకులూ మనుషులూ కాలువల మీదే తిరిగేవారు. 1930ల నడుమ ఆయన పుస్తకాలను పడవకెక్కించి కొల్లూరు దారిలోని కాలువ గట్టు ఊళ్లకు తీసుకెళ్లారు. పుస్తకం దగ్గరికి రాలేని మనిషి దగ్గరికి పుస్తకమే వెళ్లాలన్నది ఆ పనిలోని ఆలోచన. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయోజన విద్య కోసం పడిన తపన కూడా ఇలాంటిదే. ఆయన పేరు మీద విజయవాడలో వెలిసిన సర్వోత్తమ భవనం నాగభూషణం శ్రమ ఫలితం.

ఈ గ్రంథాలయాల్లో పుస్తకం చదవడంతో పని అయిపోయేది కాదు. పత్రిక గట్టిగా చదివి వినిపించేవారు, అక్షరం రానివాళ్లు కూర్చుని వినేవారు, తర్వాత మాటామాటా పెరిగి చర్చ సాగేది. ఊరి యువకుడికి సభలో నిలబడి మాట్లాడటం, లెక్కలు రాయడం, చందాలకు జవాబుదారీగా ఉండటం అక్కడే అలవడింది. గ్రంథాలయ కార్యదర్శిగా పనిచేసినవాడికి పంచాయతీ నడపడం కొత్త విద్య కాదు.

నాయకుల కోసం బడులు

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జీవితంలో ఇదే క్రమం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బాపట్లలో చదువుకుని, అక్కడే తాలూకా కచేరీలో కొన్నాళ్లు పనిచేసి, ఎడింబరో వెళ్లి ఎం.ఏ. పట్టాతో తిరిగివచ్చారు. చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘంగా మార్చి పన్నులు పెంచిన ప్రభుత్వంతో 1921లో ఆయన తలపడ్డారు. ఆయన మాట మీద వేలాది మంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకుని, రామనగర్ పేరుతో దాదాపు పదకొండు నెలలు కాపురం ఉన్నారు. ఆయన కూర్చిన స్వచ్ఛంద సేవకుల దళం రామదండు ఆ ఊరికి అండగా నిలిచింది. ఆర్థికశాస్త్రం చదివిన మనిషి పాటతో, పద్యంతో, జానపద కళలతో జనాన్ని కదిలించారు. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టి తెలుగు కళలనూ పాత గ్రంథాలనూ వెలికితీసే పని చేపట్టారు. విదేశీ చదువు ఆయనను జనానికి దూరం చేయలేదు. జనం పట్ల తన బాధ్యతను ఆయన మరింత తీవ్రంగా గుర్తించారు.

తెనాలికీ బాపట్లకూ నడుమనున్న నిడుబ్రోలులో 1900లో పుట్టిన ఎన్.జి.రంగా ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివి, మద్రాసులో ఆచార్యుడిగా పనిచేసి, రైతు ఉద్యమంలోకి వచ్చారు. 1930ల్లో సొంత ఊళ్లో రైతాంగ విద్యాలయం పెట్టారు. రైతు సమస్యలు, ఆర్థిక విషయాలు, రాజకీయాలు నేర్పి కార్యకర్తలను తయారుచేసే బడి అది. నాయకత్వం పుట్టుకతో వచ్చే గుణమని, వంశంతో వచ్చే హక్కని నమ్మే సమాజంలో, పొలం పనులు చేసుకునే కుటుంబాల యువకులకు దాన్ని పాఠంగా చెప్పవచ్చని నిరూపించడం చిన్న సాహసం కాదు. రంగాతో రాజకీయంగా విభేదించేవాళ్లూ ఈ పనిని గౌరవించాలి.

తెనాలి: ప్రశ్నించే చదువు

తెనాలి నేర్పిన పాఠం ప్రశ్నించడం. డబ్లిన్‌లో బారిస్టరు చదివి వచ్చిన త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో స్థిరపడి సూతాశ్రమం పేరుతో ఇల్లు కట్టుకున్నారు. పురాణాలను తిరగేసి చదివి, సూతపురాణం, శంబుక వధ వంటి రచనలు చేశారు. మంత్రాల అర్థం పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ తెలియాలని తెలుగులో వివాహ విధి రాశారు. పురపాలక సంఘ అధ్యక్షుడిగా జాతరలో జంతుబలిని నిషేధించారు. చదివినది రాతలోకి, రాసినది పాలనలోకి నేరుగా వచ్చిన సందర్భం ఇది. తర్వాతి తరంలో న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి మానవవాది ఎం.ఎన్.రాయ్ భావాలతో అధ్యయన శిబిరాలు నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు అసువులు బాశారు. రణరంగ చౌక్‌లోని విగ్రహాలు వాళ్లవే. పుస్తకాలూ సభలూ సంవత్సరాల తరబడి కలిగించిన రాజకీయ స్పృహ లేకుండా ఆ రోజు అంతమంది వీధిలోకి వచ్చేవారు కాదు.

ఇదే తెనాలిలో పుట్టిన ఇద్దరు, చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు, పిల్లల చదువుకు చేసిన సేవ వెలకట్టలేనిది. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి చక్రపాణి మొదలుపెట్టిన ‘చందమామ’ను 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా కుటుంబరావు నడిపారు. కొన్ని తరాల తెలుగు పిల్లలకు పాఠ్యపుస్తకం బయట మొదటి చదువు అదే. తెలివిగా ఆలోచించే మంత్రి, న్యాయం తప్పని రాజు, మోసాన్ని కనిపెట్టే సామాన్యుడు ఆ పేజీల్లోనే వాళ్లకు పరిచయమయ్యారు.

తెనాలి వైపు నుంచే ఒక హెచ్చరిక కూడా వచ్చింది. రామస్వామి చౌదరి కుమారుడు గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ఆలోచనలకు కొదవలేనివాడు. ఆ ఆలోచనలు పనిగా మారే దారి దొరకక కుంగిపోతాడు. చదువు, ఆలోచన మనిషిని ఒంటరిగా వదిలేస్తే ఏమవుతుందో ఆ నవల చూపించింది. చదువుకున్నవాళ్లే నాయకులవుతారని తేలికగా నమ్మేవాళ్లు దాన్ని తప్పక చదవాలి.

ఆడవాళ్ల చదువు, ఆడవాళ్ల నాయకత్వం

బాపట్లలో 1896లో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మ బాల్యవివాహాల కాలంలో పెరిగారు. ఇంట్లోనే చదువు పెంచుకుని పత్రికలకు రాశారు. గృహలక్ష్మి పత్రికలో శారద అనే స్త్రీ స్నేహితురాలికి రాసే లేఖల రూపంలో ఆమె బాల్యవివాహ నిషేధ చట్టం నుంచి ఖద్దరు దాకా ఎన్నో విషయాలు చర్చించారు. చట్టసభలో ఏం జరుగుతోందో వంటింటి భాషలో చెప్పారు. రాతతో ఆగకుండా బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించి ఆడవాళ్లను ఒక్కచోట చేర్చారు. ఒంటరిగా చదివిన స్త్రీని నలుగురిలోకి తెచ్చిన పని అది.

ఆ దారి తెనాలిలో ఓల్గా దగ్గరికి వచ్చేసరికి మరింత పదునెక్కింది. తెనాలి దగ్గరి యడ్లపల్లిలో పుట్టిన ఆమె తెనాలి వి.ఎస్.ఆర్. కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేశారు. తెలుగులో స్త్రీవాద ఆలోచనకు ముందు నిలిచారు. ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఇప్పుడు మన రాష్ట్రంలో స్థానిక సంస్థల పదవుల్లో సగం స్త్రీలకు దక్కుతున్నాయి. సర్పంచి కుర్చీలో భార్య పేరు, పెత్తనం భర్తది అన్న పరిస్థితి చాలా చోట్ల ఉంది. చట్టం కుర్చీ ఇచ్చింది. ఆ కుర్చీలో కూర్చుని బడ్జెట్టు చదివి ప్రశ్నించే ధైర్యం ఇవ్వాల్సింది చదువే.

ఊరి చివర నుంచి వచ్చిన ప్రశ్న

ఈ గర్వకారణాల పక్కనే ఒక చేదు నిజాన్ని చెప్పకపోతే సమీక్ష అబద్ధమవుతుంది. నీళ్లూ బడులూ గ్రంథాలయాలూ ఉన్న ఈ సీమలోనే 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. చుండూరులో ఎనిమిది మందిని చంపారు. చదువుకుని, ఉద్యోగాల్లో చేరి, తలవంచనని చెప్పిన దళిత యువతరం మీద పెరిగిన కక్షకు ఆ దాడి పరాకాష్ఠ. చదువు కొందరికి పెద్దరికం తెచ్చిపెడుతుంటే, అదే చదువు మరికొందరి చేతికి రావడం సహించలేని సమాజం ఎంత చదివినా నాగరికమైనట్టు కాదు.

కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది. పొన్నూరులో సంస్కృతం బోధించిన కత్తి పద్మారావు, న్యాయవాది బొజ్జా తారకం దాన్ని ముందుండి నడిపారు. తరతరాలుగా తమ వాళ్లకు నిషేధించిన భాషను నేర్చి, ఆ గ్రంథాలనే పరీక్షకు పెట్టిన పండితుడు ఒకరు, చట్టాన్ని బాధితుల పక్షాన నిలబెట్టిన వకీలు ఒకరు. ఈ సీమలో చదువు పుట్టించిన నాయకత్వాల్లో అత్యంత కష్టమైన పరీక్షలో నిలిచింది ఇదే. ఎవరికి పుస్తకం అందింది, ఎవరికి అందలేదు అని అడగకుండా నాయకత్వం గురించి మాట్లాడటం అన్యాయం.

శాస్త్రం జనం దాకా

నాయకత్వమంటే ఎన్నికలూ సభలూ మాత్రమే కాదు. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోళ్ల శాస్త్రాన్ని ఎంచుకున్నారు. జనం చిన్నచూపు చూసే వృత్తి అది. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను ప్రపంచస్థాయికి తీసుకెళ్లారు, దేశ శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. పరిశోధన ఫలం తోలు పని చేసే పేదవాడికి చేరాలన్నది ఆయన పట్టుదల. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో ఆయనను కోల్పోయాం.

1945లో బాపట్లలో ఏర్పడిన వ్యవసాయ కళాశాలదీ అలాంటి పాత్రే. అక్కడ చదివినవాళ్లు ఊరూరా వ్యవసాయ అధికారులుగా, పరిశోధకులుగా వెళ్లారు. బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి, ఈనాటికీ దక్షిణాది కంచాల్లో ఉంది. ఒక మంచి వంగడం లక్షల మంది బతుకుల్ని మారుస్తుంది. అలాంటి పని చేసినవాళ్లనూ నాయకులుగా పిల్లలకు పరిచయం చేయాలి.

ఇవాళ ఎక్కడున్నాం

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం. దేశ సగటు దాదాపు 73. గ్రంథాలయ ఉద్యమానికి పేరుపడ్డ రాష్ట్రం దేశ సగటు కన్నా వెనకబడటం బాధ కలిగించే సంగతి. అప్పటి నుంచి బడులు పెరిగాయి, ఇంజనీరింగ్ కళాశాలలు పెరిగాయి, విదేశాలకు వెళ్లే పిల్లలు పెరిగారు. తగ్గింది పాఠ్యపుస్తకం బయటి చదువు. ఉదయం నుంచి రాత్రి దాకా ర్యాంకు కోసం చదివే పిల్లవాడికి నవల చదివే తీరిక లేదు. పక్కవాడితో వాదించే సమయం లేదు, ఊరి పంచాయతీ ఎలా నడుస్తుందో చూసే అవకాశం లేదు. వాడిది కష్టపడే చదువే, ఆ కష్టాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఆ కష్టంలో నలుగురితో కలిసి ఆలోచించే భాగం పూర్తిగా మాయమైంది.

గ్రంథాలయాల పరిస్థితీ ఆలోచించాల్సిందే. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది. అంటే ప్రతి ఇంటి యజమానీ గ్రంథాలయానికి చందాదారే. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపిస్తోంది. శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాల ముందు యువత కనిపిస్తోంది. అది మంచిదే, పేద పిల్లలకు ఉద్యోగం గౌరవం తెస్తుంది. ఆ పక్క గదిలోనే వారానికొక చర్చ కూడా జరిగితే ఆ యువతకు ఉద్యోగంతో పాటు పౌరసత్వమూ అలవడుతుంది.

సెల్‌ఫోన్‌లోనే ప్రపంచమంతా దొరుకుతోంది కదా, గ్రంథాలయం ఎందుకని కొందరడుగుతారు. ఫోనులో సమాచారం దొరుకుతుంది, మంచి వ్యాసాలూ పుస్తకాలూ దొరుకుతాయి, నిజమే. ఎదుటి మనిషి ముఖం చూసి అతని అభ్యంతరం వినడం, మన మాట సరిదిద్దుకోవడం, చివరికి ఇద్దరూ కలిసి ఒక పని మొదలుపెట్టడం అక్కడ దొరకవు. నాయకుడికి కావలసిన తర్ఫీదు అదే.

చేయదగిన పనులు

ఈ సీమ అనుభవం నుంచి నేటికి పనికొచ్చే సూచనలు కొన్ని ఉన్నాయి. ప్రతి ఉన్నత పాఠశాలలో వారానికి ఒక పఠన గంట, ఆ వెంటనే చదివినదాని మీద చర్చ తప్పనిసరి కావాలి. ఏ పుస్తకం చదవాలో పిల్లలే ఎంచుకోవాలి. చర్చను ఏడాదిలో ఒక్కసారైనా ప్రతి విద్యార్థీ నడపాలి. గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైందో, ఎంత జమ అయిందో గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ లెక్క అడగటమే యువతకు మొదటి రాజకీయ పాఠం కావచ్చు. నిజాంపట్నం తీరపు మత్స్యకార పల్లెలకు, రేపల్లె వైపు లంక గ్రామాలకు, ఊరి చివరి కాలనీలకు సంచార గ్రంథాలయాలు వెళ్లాలి. పడవ మీద పుస్తకాలు నడిపిన నేలకు ఒక వ్యాను నడపడం భారం కాదు. పంచాయతీ సభ్యత్వానికి పోటీ చేసే వయసు 21 ఏళ్లు. ఆ వయసుకు ముందే పంచాయతీ బడ్జెట్టు, ఆస్తుల చిట్టా, సమాచార హక్కు దరఖాస్తు చదవడం, రాయడం కళాశాలల్లో నేర్పాలి. గెలిచిన మహిళా సభ్యులకు నిడుబ్రోలు విద్యాలయం తరహాలో స్థానికంగా శిక్షణ నడవాలి. అధికారులు ఒక్కరోజు వచ్చి ఉపన్యాసం చెప్పి వెళ్లడం శిక్షణ అనిపించుకోదు.

వీటిలో దేనికీ కోట్ల రూపాయలు అక్కర్లేదు. వేటపాలెం యువకుల దగ్గర 1918లో అంతకన్నా తక్కువే ఉంది. వాళ్లకు ఉన్నది, మన దగ్గర సన్నగిల్లింది ఒక్కటే: చదువు తనకోసమే కాదన్న పట్టుదల. తల్లిదండ్రులు పిల్లల మార్కులతో పాటు ఈ వారం ఏం చదివావు, ఎవరితో వాదించావు అని అడగాలి. ఉపాధ్యాయులు జవాబుతో పాటు ప్రశ్నకూ మార్కులివ్వాలి. ఊరి పెద్దలు గ్రంథాలయం తలుపు సాయంత్రం పూట తెరిచి ఉంచాలి. అన్ని వీధుల పిల్లలూ ఒకే బల్ల దగ్గర కూర్చునేలా చూడాలి. అలా చదివి, వాదించి, పనిలోకి దిగిన పిల్లల్లోంచే నాయకులు వస్తారు. ఈ సీమ నూరేళ్లుగా అదే నిరూపించింది. ఇక ఆ దారిన మళ్లీ నడవడం మన తరం వంతు.